పని మొదలుపెట్టే ముందు ఒకసారి తలెత్తి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

ఆరుబయట పనిచేసేవారి భద్రత గురించి పత్రికల్లో రాతలు వచ్చినప్పుడల్లా ఎత్తు నుంచి పడిపోవడం, కరెంటు తగలడం, యంత్రంలో చెయ్యి పడటం, ఎండదెబ్బ అనే నాలుగు విషయాల చుట్టూనే చర్చ తిరుగుతుంది. వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే చెట్ల కొమ్మలు కొట్టేవారు, కరెంటు తీగలు లాగేవారు, కట్టడాలకు రంగులు వేసేవారు, కాలువల్లో పూడిక తీసేవారు, పొలాల్లో, తోటల్లో కూలికి వెళ్లేవారు, భూమి కొలతలు తీసేవారు రోజూ ఎదుర్కొనే ప్రమాదం ఇంకొకటి ఉంది. కుట్టే పురుగులు, కరిచే పురుగులు, ఒంటికి తగిలితే చాలు దురదా మంటా పుట్టించే పురుగులు తెచ్చిపెట్టే ప్రమాదం అది. దాని ఊసు వస్తే నవ్వులాటగానైనా వస్తుంది, లేదా ఎవరో చనిపోయినప్పుడు 'తేనెటీగల దాడి' అన్న మూడు వాక్యాల వార్తగానైనా వస్తుంది. ఆ వార్తలో 'ఒక్కసారిగా', 'హఠాత్తుగా', 'ఊహించని విధంగా' అనే మాటల్లో ఏదో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. నా అభ్యంతరం ఆ మాటల మీదే.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఏమిటో ముందుగా చెప్పుకోవాలి. నేను వైద్యుణ్ణి కాను, కీటక శాస్త్రం చదివినవాణ్ణీ కాను. చాలా ఏళ్లపాటు ఆరుబయట పనులకు పర్యవేక్షకుడిగా ఉన్నాను. ఒకరోజు పొద్దున ఒక పెద్ద చెట్టు కొమ్మలు కొట్టించడానికి ఒక మనిషిని పైకి ఎక్కించాను. సేఫ్టీ బెల్టు ఉందా, తాడు గట్టిదేనా, రంపం సరిగా ఉందా, కింద మనుషులెవరూ లేరు కదా అని అన్నీ చూశాను. చెట్టుకు అవతలి వైపు ఆకుల చాటున వేలాడుతున్న తేనెపట్టును మాత్రం చూడలేదు. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చి ఉంటే కనిపించేదే. మోటారు రంపం కొమ్మ మీద పెట్టిన కాసేపటికే ఈగలు లేచాయి. కింద ఉన్నవాళ్లం చెల్లాచెదురుగా పరుగెత్తాం. పైన ఉన్న మనిషికి పరుగెత్తే దారి లేదు. పడిపోకుండా అతన్ని కాపాడాల్సిన బెల్టే అతన్ని ఈగల మధ్య కట్టిపడేసింది. కళ్లు తెరవలేని స్థితిలో కొక్కెం విప్పుకుని ఎలాగో దిగివచ్చాడు, చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. తరవాత రాసిన నివేదికలో కారణం అన్న గడిలో 'అనుకోని ప్రమాదం' అని రాశారు. దాని కింద నేనూ సంతకం చేశాను.

అది అనుకోనిది కాదు, నేను చూడనిది. ఈ లేఖ ద్వారా నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. పురుగుల వల్ల వచ్చే ప్రమాదాల్లో చాలా భాగం పని మొదలుకాక ముందే కంటికి కనిపించేవి. పని మొదలయ్యాక కార్మికుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ముందు చూడకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని అతని జాగ్రత్త పూడ్చలేదు.

మొదట తేనెటీగల సంగతే చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఎక్కువగా వీటి వల్ల, కందిరీగల వల్ల. తేనెటీగలు ఊరికే మీదపడవు. పూల మీద వాలే ఈగను అదిలించకుండా వదిలేస్తే తన దారిన తాను పోతుంది. వాటికి కోపం తెప్పించేవి పట్టు దగ్గర జరిగే పనులు. యంత్రాల అదురు, కొమ్మ ఊగడం, మనిషి ఊపిరి, చెమట, ఘాటైన సెంటు వాసనలు, ముదురు రంగు బట్టలు, చేతులు విసరడం వాటిని రెచ్చగొడతాయి. తేనె తీసేవాళ్లు తెల్లని లేత రంగు బట్టలు వేసుకోవడం అలంకారం కోసం కాదు. ఒక ఈగ కుట్టినప్పుడు ఆ చోట ఒక వాసన వెలువడుతుంది. అందులోని ముఖ్యమైన పదార్థం ఐసోఅమైల్ ఎసిటేట్ అని 1962లో గుర్తించారు. పండిన అరటిపండు వాసనను పోలి ఉండే ఆ వాసన మిగతా ఈగలకు 'ఇక్కడే కుట్టండి' అని చూపించే గురుతు. అందుకే మొదటి ఈగను చేత్తో నలిపి చంపడం పదిమందిని పేరుపెట్టి పిలవడంతో సమానం. కుట్టిన చోటును వీలైనంత త్వరగా కడుక్కుంటే ఆ వాసన తగ్గుతుంది.

ఎత్తైన చెట్లకు, నీళ్ల ట్యాంకులకు, భవనాల చూరులకు, వంతెనల అడుగున ఒకే ఒక పెద్ద పట్టు పెట్టే జాతి ఉంది. దాన్ని కొందరు కొండ తేనెటీగ అంటారు. దీని విషయంలో రెండు సంగతులు పనిచేయించేవారికి తెలిసి ఉండాలి. ఒకటి, దీని పట్టు పెట్టెలోనో తొర్రలోనో కాక బయటే వేలాడుతుంది కాబట్టి, దాన్ని కాపాడుకోవడానికి ఈగలు పట్టు మీద తెరలా పరుచుకుని ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. తరమడం మొదలుపెడితే చాలా దూరం తరుముతాయి. రెండు, ఇవి కాలాన్ని బట్టి వలస పోయి, మళ్లీ అదే చోటికి, తరచు అదే కొమ్మకు తిరిగివస్తాయి. కిందటి ఏడు పట్టు ఉన్న చోట మైనపు మరక మిగిలి ఉంటుంది. ఆ మరకను చూసి, ఏ చెట్టు మీద, ఏ గోడ మీద, ఏ నెలలో ఉందో ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే మరుసటి ఏడు పనుల తేదీలు దాన్ని బట్టి వేసుకోవచ్చు. దీనికి ఖర్చు ఒక నోటు పుస్తకం. అయినా అలాంటి పుస్తకం పెట్టుకున్నవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

కందిరీగలు వేరే రకం. వీటి కొండి నునుపుగా ఉంటుంది కనుక తేనెటీగలా ఒంట్లో విడిచిపెట్టి చచ్చిపోవు, ఒక్కటే పలుమార్లు కుట్టగలదు. ఇవి గూళ్లు కట్టే చోట్లు మనిషి చెయ్యి పెట్టే చోట్లే కావడం అసలు చిక్కు. చూరు కింద, వాడకుండా పెట్టిన యంత్రం మూత లోపల, ఖాళీ పైపుల కొసల్లో, ఇనుప నిచ్చెన గొట్టాల్లో, మీటరు పెట్టెల్లో, తిరగేసిన డ్రమ్ముల్లో, కొన్ని జాతులవైతే నేలలోని కన్నాల్లో కూడా వీటి గూళ్లు ఉంటాయి. నేలలో గూడు ఉన్నచోట గడ్డి కోసే యంత్రం నడిపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కొన్ని రోజులు వాడని ఏ వస్తువు మూతనైనా తెరిచే ముందు దూరం నుంచి కర్రతో తట్టి, ఒక నిమిషం ఆగి, ఏదైనా వచ్చిపోతోందా అని చూడటం అలవాటు కావాలి. గూడు కనిపించకపోయినా, ఈగలు ఒకే దారిలో ఒకే చోటికి వచ్చిపోతుంటే గూడు అక్కడే ఉన్నట్టు. ఎండ పడ్డాక చూస్తేనే ఈ రాకపోకలు తెలుస్తాయి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చూసి ఏమీ లేదని తేల్చుకోవడం పొరపాటు, ఆ వేళకు అన్నీ గూట్లోనే ఉంటాయి.

పట్టు కనిపించాక ఏం చేయాలి? మన తొందరపాటు అంతా ఇక్కడే బయటపడుతుంది. కాగడా వెలిగించి పొగ పెట్టడం, రాయి విసరడం, పురుగుల మందు కొట్టడం చూస్తుంటాం. తేనె తీసేవారు పొగ వాడతారన్న మాట నిజమే. పొగ ఆ హెచ్చరిక వాసనను కప్పేస్తుంది, ఈగలు తేనె తాగి మందగిస్తాయి. కానీ ఎంత పొగ, ఏ వైపు నుంచి, ఎప్పుడు అన్నది చేయి తిరిగినవారికి తెలిసిన విద్య. చేతకానివాళ్లు పెట్టే పొగ ఈగలను లేపుతుందే గాని మందగింపజేయదు. పైగా తేనెటీగలు పంటల పరాగ సంపర్కానికి కావలసినవి, వాటిని మందు కొట్టి చంపడం ఎవరికీ లాభం కాదు. తెలిసినవారిని పిలిపించి తీయించాలి, లేదా ఆ చోటు చుట్టూ తాడు కట్టి పని మరో వైపు మళ్లించాలి, లేదా అవి వలస పోయేదాకా ఆగాలి. పని ఆగితే నష్టమంటారు. నాకు తెలిసిన గుత్తేదారులందరూ ఆ మాట అన్నవారే. ఆసుపత్రి ముందు కూర్చున్న రోజుల్లో కూడా పని ఆగే ఉంటుందని వారికి నేను చెప్పలేకపోయాను.

ఎత్తు మీద పని తప్పనిసరి అయినప్పుడు ఇంకొక మాట ముందే అనుకోవాలి. మనిషిని పైకి ఎక్కించే ఏర్పాటు ఎంత ముఖ్యమో, అతను తన చేతులు వాడలేని స్థితిలో ఉంటే కింద ఉన్నవారు అతన్ని దించగలిగే ఏర్పాటు అంత ముఖ్యం. అంటే దింపుడు తాడు ఒకటి కింది మనిషి చేతిలో ఉండాలి, ఆ మనిషికి ముఖాన్ని, మెడను కప్పే వల ఉన్న టోపీ ఉండాలి. వలటోపీలు రెండు పనిముట్ల పెట్టెలో పడి ఉంటే బరువేమీ కాదు. ఒంటరిగా ఎవరినీ పైకి పంపకూడదు.

దాడి మొదలయ్యాక చేయగలిగింది తక్కువ, కాని ఆ తక్కువ కూడా చాలామందికి తలకిందులుగా తెలుసు. నిలబడి చేతులు ఊపకూడదు, కింద పడుకోకూడదు, నీళ్లలో దూకకూడదు. నీళ్లలో మునిగితే పైన కాచుకుని ఉంటాయి, ఊపిరి కోసం తల ఎత్తినప్పుడు ముఖం మీదే కుడతాయి. చొక్కా పైకి లాక్కుని ముఖం కప్పుకుని, దారి కనిపించేంత మేరకు కళ్లు వదిలి, మూసుకునే తలుపులున్న గదిలోకో వాహనంలోకో తిన్నగా పరుగెత్తాలి. తేనెటీగ గంటకు 20 నుంచి 25 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది, కాబట్టి దాన్ని ఓడించగలమన్న ఆశతో కాదు, పట్టుకు దూరమయ్యే కొద్దీ తరిమేవి తగ్గుతాయన్న లెక్కతో పరుగెత్తాలి. మనతోపాటు లోపలికి నాలుగు ఈగలు వచ్చినా తలుపు వేసుకోవడమే మంచిది, బయట ఉన్నవి నాలుగు కావు. ఇంకొకరిని కాపాడటానికి ఏ రక్షణా లేకుండా గుంపులోకి వెళ్లడం వల్ల ఇద్దరూ పడిపోయిన సందర్భాలు ఉంటాయి. దుప్పటి కప్పుకుని వెళ్లడం, అది కూడా వీలుకాకపోతే అగ్నిమాపక సిబ్బందిని పిలవడం సరైన పని.

తేనెటీగ కొండికి వెనక్కి తిరిగిన ముళ్లు ఉంటాయి. అందుకే అది ఒంట్లో దిగబడి, విషపు తిత్తితో సహా ఊడి అక్కడే ఉండిపోతుంది. ఈగ పోయినా ఆ తిత్తి విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది, విషంలో చాలా భాగం మొదటి 20 సెకన్లలోనే దిగిపోతుంది. గోటితో పట్టి లాగితే విషం ఎక్కువ దిగుతుందని, కార్డు అంచుతో గీరాలని చాలాకాలం చెప్పుకున్నారు. లాన్సెట్ వైద్య పత్రికలో 1996లో వచ్చిన ఒక పరిశీలన ఆ తేడా లెక్కలోకి రానిదని, ఆలస్యం ఒక్కటే లెక్కలోకి వస్తుందని తేల్చింది. కార్డు కోసం జేబులు వెతుక్కునే లోపు విషం దిగిపోతుంది. చేతికి అందిన విధంగా వెంటనే తీసేసి, సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ పెట్టాలి. చేతికి కుడితే ఉంగరాలు, గాజులు, గడియారం వాపు రాకముందే తీసేయాలి.

కుట్టిన చోట వాపు, నొప్పి, ఎరుపు ఒకటి రెండు రోజులుండి తగ్గిపోతే దాని గురించి ఇంత లేఖ రాయనక్కరలేదు. కొందరిలో మాత్రం ఒక్క కాటుకే ఒళ్లంతా ఎదురుతిరుగుతుంది. దీనికి అనాఫిలాక్సిస్ అనే పేరు 1902లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు పెట్టారు. సముద్ర జీవుల విషాన్ని కుక్కలకు ఎక్కిస్తే, మొదటిసారి తట్టుకున్న కుక్క కొన్ని వారాల తరవాత అంతకంటే చాలా తక్కువ మోతాదుకే చనిపోవడం వారు చూశారు. ఈ పరిశోధనకు రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పాత సంగతి ఇక్కడ ఎందుకంటే, 'నాకు ఎన్నోసార్లు కుట్టాయి, ఏమీ కాలేదు' అని ధైర్యంగా చెప్పే మనిషి ప్రతి పనిచోటా ఒకడు ఉంటాడు. మొదటిసారి ఏమీ కాకపోవడం తరవాతిసారికి హామీ కాదు. కొందరి విషయంలో ముందు పడిన కాట్లే ఒంటిని ఎదురుదాడికి సిద్ధం చేసి పెడతాయి.

దాని గురుతులు పర్యవేక్షకుడికి కంఠతా రావాలి. కుట్టిన చోట కాకుండా ఒంటి మీద వేరే చోట్ల దద్దుర్లు రావడం, పెదవులో నాలుకో వాయడం, గొంతు బిగుసుకుని మాట బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు, కడుపులో మెలిపెట్టి వాంతులు కావడం, కళ్లు తిరిగి పడిపోవడం. ఇవి సాధారణంగా కొద్ది నిమిషాల నుంచి గంట లోపు కనిపిస్తాయి. అప్పుడు ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ ఒక్కటే, దాన్ని తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి. అలర్జీ మాత్ర దురదను తగ్గిస్తుంది తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, కాబట్టి మాత్ర వేసి కాసేపు చూద్దామనుకోవడం ప్రాణాంతకమైన ఆలస్యం. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి, ఊపిరి అందకపోతే కూర్చోనివ్వాలి, హఠాత్తుగా నిలబెట్టి నడిపించకూడదు. కోలుకున్నట్టు కనిపించినా కొన్ని గంటల తరవాత మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రిలో గమనింపులో ఉంచాలి. ఇదివరకే ఇలా జరిగినవారు ఆ సంగతి దాచకుండా చెప్పుకునే వాతావరణం పనిచోట ఉండాలి. చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడే చోట ఎవరూ చెప్పరు. అలాంటివారు వైద్యుని సలహాతో అడ్రినలిన్ తమతో ఉంచుకోవాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్ అనే తరగతి మందులు వాడుతున్నవారికి అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు, ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. విషాన్ని చాలా తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టి కొన్ని ఏళ్లపాటు ఇంజెక్షన్ల రూపంలో ఇచ్చి అలర్జీని తగ్గించే చికిత్స కూడా ఉంది.

అలర్జీ లేనివారికి కూడా పదుల సంఖ్యలో కాట్లు పడితే అది విషప్రయోగమే. కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను మూసేయవచ్చు. ఇది అప్పటికప్పుడు తెలియదు. నొప్పి తగ్గింది కదా అని ఇంటికి పంపిన మనిషికి మరుసటి రోజు మూత్రం ముదురు రంగులో రావడమో, రాకపోవడమో జరగవచ్చు. యాభైకి మించి కుట్టాయన్న అనుమానం ఉంటే మనిషి ఎంత బాగున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లి రక్తపరీక్షలు చేయించాలి.

ఇక కుట్టని, కరవని పురుగు ఒకటి ఉంది. కుట్టే వాటికంటే ఇదే ఎక్కువమందిని మోసం చేస్తుంది. పెడెరస్ జాతికి చెందిన ఈ పురుగు సెంటీమీటరు కంటే చిన్నది, సన్నగా ఉంటుంది. నలుపు, నారింజ రంగులు ఒకదాని తరవాత ఒకటి పట్టీలుగా ఉంటాయి, నడుము మీద నీలిపచ్చ మెరుపు ఉంటుంది. కొన్ని చోట్ల నైరోబీ ఈగ అంటారు, కాని ఇది ఈగ కాదు. తడి నేలల్లో, పైరు మధ్య బతుకుతూ ఇతర పురుగులను తిని రైతుకు మేలే చేస్తుంది. రాత్రిపూట దీపాల దగ్గరికి వస్తుంది. మెడ మీద ఏదో పాకినట్టు అనిపిస్తే మనం చేసే పని ఏమిటి? చేత్తో కొట్టి నలిపేస్తాం. నలిపినప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుంటుంది. అప్పుడు ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు నిప్పు అంటుకున్నట్టు చారలుగా ఎర్రబడి బొబ్బలు లేస్తాయి. మోచేతి మడతలో నలిగితే మడతకు రెండు వైపులా ఒకే ఆకారంలో పుండు పడుతుంది. అదే చెయ్యి కంటికి తగిలితే కన్ను వాచి మూసుకుపోతుంది. బాధ ఎప్పుడో మొదలవుతుంది కాబట్టి కారణం పురుగని ఎవరికీ తోచదు. వేరే ఏదో చర్మరోగం అనుకుని దొరికిన మందు పూసి పుండును పెంచుకుంటారు.

దీనికి విరుగుడు అలవాటు మార్చుకోవడమే. పురుగు వాలితే ఊదేయాలి, లేదా కాగితం మీదికి ఎక్కించి పారేయాలి. నలిగిందని తెలిస్తే వెంటనే సబ్బు పెట్టి నీళ్లతో బాగా కడగాలి, ఆ బట్టలూ ఉతకాలి. రాత్రి పనిచేసే చోట దీపాన్ని మనిషి తలకు నేరుగా పైన కాకుండా కొంత దూరంగా పెట్టి వెలుతురు పని మీద పడేలా తిప్పితే పురుగులు దీపం దగ్గరే ఆగుతాయి. తెల్లని దీపాల కంటే పసుపు ఛాయ ఉన్న వాటికి పురుగులు తక్కువ వస్తాయి.

గొంగళిపురుగుల నూగు కూడా ఇలాంటిదే, పురుగు లేకపోయినా హాని చేస్తుంది. అది విడిచిన పొరలో, గూటిలో, అది పాకిన కొమ్మ బెరడు మీద ఆ సన్నని వెంట్రుకలు మిగిలే ఉంటాయి. గాలికి లేచి కంట్లో పడతాయి. కొమ్మలను భుజాన వేసుకుని మోసేవారికి మెడ మీద దురద వచ్చేది ఎక్కువగా దీనివల్లే. గీకితే వెంట్రుకలు ఇంకా లోతుకు దిగుతాయి. అంటుకునే టేపును చర్మం మీద అద్ది పీకితే చాలా వరకు వచ్చేస్తాయి, తరవాతే కడగాలి. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడిగి వైద్యునికి చూపించాలి, ఎందుకంటే అవి కంటి లోపలికి చొచ్చుకుపోగలవు.

చీమల గురించి ఎక్కువ చెప్పను. చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు కరిచి ఆ గాయం మీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, నేలలో పుట్టలు పెట్టే మరికొన్ని నిజంగానే కుడతాయి, మరునాడు చీముపొక్కులు లేస్తాయి. పొక్కులను చిదమకూడదు. వీటివల్ల ప్రాణం పోవడం అరుదు, కాని నిచ్చెన మీద ఉన్న మనిషి చీమలు పాకగానే రెండు చేతులూ వదిలేస్తాడు. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

దోమలు, జోరీగలు, పిడుదులు వేరే పద్దు కింద వస్తాయి. వీటి కాటు కంటే అది మోసుకొచ్చే జబ్బు పెద్దది. పిడుదు ఎనిమిది కాళ్లది, శాస్త్రం ప్రకారం కీటకమే కాదు, అయినా గడ్డిలో పనిచేసేవాడి మీద వాలేటప్పుడు ఆ తేడా చూడదు. అది పట్టుకుంటే కాల్చడం, నూనె పోయడం మాని, సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి తిన్నగా లాగాలి. పొదల్లో పనిచేసిన కొద్ది రోజులకు జ్వరం వచ్చి, ఒంటి మీద నల్లని పక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే వైద్యునికి ఆ పుండు చూపించి, పొదల్లో పనిచేసిన సంగతి చెప్పాలి. అది మైట్లు అనే సన్నని పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు, సరైన మందు పడితే తేలికగా లొంగుతుంది.

ఒంటికి పూసుకునే దోమల మందుల మీద ఒక అపోహ ఉంది. డీట్ అనే రసాయనాన్ని అమెరికా సైన్యం కోసం 1946లో తయారుచేశారు, 1957 నుంచి సామాన్యులకు అందింది. దోమలకు, పిడుదులకు అది బాగా పనిచేస్తుంది, 20 నుంచి 30 శాతం ఉన్నది ఆరుబయట పనికి సరిపోతుంది. కానీ తేనెటీగలకు, కందిరీగలకు అది పనిచేయదు. అవి మన రక్తం కోసం రావడం లేదు, తమ ఇల్లు కాపాడుకోవడానికి వస్తున్నాయి. మందు పూసుకున్నాం కదా అని పట్టు కిందికి వెళ్లేవారిని నేను చూశాను. డీట్ కళ్లద్దాల వంటి ప్లాస్టిక్ వస్తువులను పాడుచేస్తుందని, ఎండ లేపనం వాడేవారు దాన్ని ముందు పూసుకుని దీన్ని తరవాత పూసుకోవాలని, గాయాల మీద, బట్టల లోపల పూయకూడదని కూడా చెప్పాలి. పర్మెత్రిన్ అనే పురుగుల మందు బట్టలకు పట్టించేది, ఒంటికి కాదు.

నిండు చేతుల చొక్కా, పాంటు కొసలు మేజోళ్లలోకి దోపడం, చేతి తొడుగులు, విప్పి పెట్టిన బూట్లను, హెల్మెట్‌ను దులిపి వేసుకోవడం వంటి మాటలు అందరూ చెబుతారు. కార్మికులు వాటిని పాటించకపోతే నిర్లక్ష్యం అంటారు. ఎండలో నిండుగా బట్టలు వేసుకుని ఎనిమిది గంటలు పనిచేయడం ఏమిటో అనేవారికి తెలియాలి. గంట గంటకు నీడలో కూర్చునే వ్యవధి, చల్లని నీళ్లు, పల్చని నూలు బట్ట ఇవ్వకుండా ఒంటి నిండా కప్పుకోమనడం, పురుగుల నుంచి తప్పించి ఎండదెబ్బకు అప్పగించడమే.

నేను సంతకం చేసిన ఆ నివేదిక తరవాత, రోజూ పని మొదలయ్యే ముందు నింపే కాగితంలో ఒక గడి పెంచాను. 'పైన, కింద, మూతల లోపల చూశారా? ఎవరు చూశారు? ఎన్ని గంటలకు?' అన్నవే అందులో ప్రశ్నలు. మొదట్లో అందరూ చూడకుండానే 'చూశాం' అని రాశారు. చూసిన మనిషి పేరు, సమయం రాయాలన్నాక చూడటం మొదలైంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో కనిపించిన తేనెపట్టుల వల్ల పని మళ్లించుకున్న రోజులు ఉన్నాయి, ఏమీ కనిపించని రోజులు అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇకమీద 'తేనెటీగల దాడిలో కార్మికునికి తీవ్ర గాయాలు' అన్న వార్త రాయవలసి వచ్చినప్పుడు, 'హఠాత్తుగా' అన్న మాట రాసే ముందు, పని మొదలుకాక ముందు ఆ చోటును ఎవరు చూశారని పనిచేయించినవారిని అడిగి, వారు ఇచ్చిన జవాబును వార్తలో వేయండి.

ఇట్లు,
ఆరుబయట పనుల పర్యవేక్షణ నుంచి విరమించిన ఒక పాఠకుడు